గుండు దేవదూత

1954 నవంబరు 22, సోమవారం

దేవదూత! మా కోకిల దేవదూత!

అద్దాల కంపెనీ వాళ్లు సంవత్సరం మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. ఇన్ని నెలలుగా బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. రాసుకోవలసినంత గొప్ప సంగతి నాకేం జరిగింది గనుక! ఈరోజు జరిగింది. రాసుకోకపోతే గుండె పగిలేటట్టుంది.

మిషన్ బడిలో క్రిస్మస్ నాటకం వేస్తారట. పొలంలో గొర్రెలు కాసుకునేవాళ్లకు దేవదూత కనపడి, ఏసు పుట్టాడని చెప్పే ఘట్టం ఉందట అందులో. ఆ వేషం ముందు చూడామణి అనే పిల్లకిచ్చారు, దాని రింగుల జుట్టు చూసి. పాపం ఆ పిల్లకు మాటలు నిలవడం లేదు. ఈరోజు మళ్లీ తడబడేసరికి వెనక బెంచీలో నుంచి మా అమ్మాయి కోకిల లేచి మొత్తం అప్పజెప్పేసిందట! గడగడా! ఒక్క పొల్లు పోకుండా!

మా కోకిల! ఇంట్లో చెవులు తూట్లు పడేటట్టు మాట్లాడే పిల్ల, గడప దాటితే నోటికి తాళం వేసుకుంటుంది. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే గాని 'ఉన్నాను' అని ఏనాడూ అనలేదు. చుట్టుపక్కల వాళ్లు మూగదనే అనుకుంటారు. అటువంటి పిల్ల నోరు తెరిచేసరికి జ్ఞానమ్మ టీచరు చేతిలో సుద్దముక్క కింద పడిందట. "ఇంక నువ్వే దేవదూతవి" అని అక్కడికక్కడే చెప్పేసిందట. ఆ తల్లి చల్లగా ఉండాలి.

దేవదూతలు నాకు కొత్త కాదు. పురసవాక్కం పేటలో ఇన్నేళ్లుగా పటాలు కట్టే అంగడి నడుపుతున్నవాణ్ణి, నా చేతుల మీదుగా ఎందరు దేవదూతలు పోలేదు! అందరూ పాలలాంటి రంగు, బొద్దు బుగ్గలు, పసుప్పచ్చని రింగుల జుట్టు, హంసకున్నట్టు రెండు రెక్కలు. కొందరి చేతిలో వీణలాంటిది ఒకటుంటుంది. కొందరికి తల, రెక్కలు మాత్రమే ఉండి ఒళ్లుండదు. అట్లాంటివాళ్లు చిన్న ఫ్రేముల్లో బాగా ఇముడుతారు.

మా కోకిల నలుపే. "పౌడరు రాస్తే సరిపోతుంది" అన్నాను.

"రాయండి, బూడిదగుమ్మడికాయ మాదిరి ఉంటాది" అనింది పంకజం. అన్నదే గాని అటు తిరిగి కళ్లొత్తుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం నేను కనిపెట్టలేనా!

నవంబరు 23

ఈరోజు కూడా అదే సంతోషం. అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. ఆ చెప్పడంలో ఒకాయన లక్ష్మీదేవి పటాన్ని తలకిందులుగా బిగించి ఇచ్చేశానట. కోపంగా తిరిగి తెచ్చాడు. ఆయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

నవంబరు 25, గురువారం

ఇంట్లో చిన్న పోరు. నేనే గెలిచాను.

కోకిల బడిలో చేరిన ఏడాది నేను తిరుపతి వెంకన్నకు ఒక మొక్కు మొక్కుకున్నాను. "స్వామీ, నా బిడ్డ నలుగురిలో నోరు తెరిస్తే దాని తలనీలాలు నీకే" అని. స్వామి తన పని చేశాడు. ఇంక నా పని నేను చెయ్యాలి గదా! శనివారం బయల్దేరుదామన్నాను.

"నాటకం కానీండి. అది అయినాక పోదాం" అనింది పంకజం.

"దేవుణ్ణి కాచుకోమని చెప్పమంటావా?"

"ఇన్నేండ్లు కాచుకున్నాడు కదా, ఇంక కొన్నాళ్లు కాచుకోలేడా? ఆయనకేం, కొండ దిగి యాడికన్నా పోవాల్నా?"

ఆడవాళ్లకు ఇట్లాంటి విషయాల్లో ఆలోచన తక్కువ. నేను ఆలస్యం చేసి, స్వామికి కోపం వచ్చి, సరిగ్గా నాటకం రోజున పిల్ల నోరు మళ్లీ కట్టేస్తే? అప్పుడేం చెయ్యాలి? ఈ మాట అనేసరికి పంకజం ప్రయాణానికి బట్టలు సర్దింది. నాటకం నాటికి జుట్టు ఎట్లాగూ వచ్చేస్తుంది. పిల్లలకు జుట్టు గడ్డిలాగా వస్తుంది. అందరికీ తెలిసిన సంగతే.

నవంబరు 28, ఆదివారం

దివ్యమైన దర్శనం! స్వామి నన్ను చూసి నవ్వినట్టే ఉంది. కోకిల తల చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా నిగనిగలాడుతోంది. దాని మీద చందనం. బస్సులో దారంతా తల తడుముకుని నవ్వుతూనే ఉంది. "నాయనా, గాలి లోపలికి పోతాండాది" అంటుంది. ఇంత అందమైన గుండు నేను ఎక్కడా చూడలేదు.

నవంబరు 29, సోమవారం

జ్ఞానమ్మ టీచరు రమ్మని కబురు చేసింది. అభినందిద్దామని కాబోలనుకుని కొండ లడ్డు పట్టుకుని పోయాను.

ఆమె లడ్డు తీసుకోలేదు. కుర్చీలో కూలబడి ఉంది. పక్కన కోకిల.

"యతిరాజులు నాయుడు గారూ, ఏం చేశారండీ ఇది?"

"మొక్కు తల్లీ. మీరు వేషమిచ్చినందుకే."

"నేను వేషమిస్తే మీరు గుండు కొట్టించారా? దేవదూతకు జుట్టు లేకపోతే ఎట్లండీ! ఏ బొమ్మలోనైనా చూశారా మీరు? మీది పటాల అంగడే కదా! ముందు వరుసలో పెద్దవాళ్లు కూర్చుంటారు. వాళ్లు దేవదూత అనుకోవాలా, వైదీకానికి వచ్చిన అయ్యవారి పిల్లాడనుకోవాలా?"

"వచ్చేస్తుంది తల్లీ. పిల్లల జుట్టు."

"మూడు వారాల్లోనా?"

వేషం మళ్లీ చూడామణికే ఇచ్చేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కోకిల ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు. వచ్చాక కూడా అనలేదు. ఇంట్లో! ఈ ఇంట్లో అది మాట్లాడకుండా ఉండడం ఇదే మొదటిసారి.

పంకజం నన్ను ఏమీ అనలేదు. చారులో ఉప్పు వెయ్యలేదు, అంతే.

నవంబరు 30

గుండుకు ఆముదం పట్టించాను. ఉల్లిపాయ రసం కూడా మంచిదని సౌకార్‌పేట నుంచి వచ్చే కొయ్యబద్దల వ్యాపారి చెప్పాడు. అదీ పట్టించాను. కోకిల ముక్కు మూసుకుంది గాని మాట్లాడలేదు.

డిసెంబరు 1

కొంచెం వచ్చినట్టే ఉంది! వేలితో రాస్తే గరగరమంటోంది. పంకజానికి కనపడలేదట. దాని చూపు మందగించింది.

డిసెంబరు 2

రాలేదు.

డిసెంబరు 3, శుక్రవారం

నాటకాల వాళ్లకు దుస్తులు అద్దెకిచ్చే కాటయ్య దగ్గరి నుంచి ఒక టోపా జుట్టు తెచ్చాను. పిల్లల తలకు పట్టేవి రెండే ఉన్నాయి, ఒకటి లవుడిది, ఒకటి మరుగుజ్జు రాక్షసుడిది. లవుడిది ఎవరో తీసుకుపోయారట. రాక్షసుడిదాన్ని దువ్వి, కొబ్బరినూనె రాసి, కోకిల తల మీద పెట్టాను. కళ్ల మీదికి జారింది. పైకి లాగితే వెనక గుండు కనపడింది.

"తియ్యండి, బిడ్డ జడుసుకుంటాది" అనింది పంకజం.

కోకిల అద్దంలో చూసుకుని మెల్లిగా తీసి నా చేతిలో పెట్టింది. ఏడ్చి ఉన్నా నయం.

దాని నోరు తెరిపించమని అడిగినవాణ్ణి నేనే, మూయించినవాణ్ణీ నేనే. రాసింది కొట్టెయ్యాలనుంది. సిరా వృథా అని ఉంచుతున్నాను.

డిసెంబరు 5, ఆదివారం

ఎంత మంచి రోజు! ఎంత గొప్ప మనిషి!

తిరువొత్తియూరులో దేవసహాయం గారని ఒక ముసలి ఉపదేశి ఉన్నారు. బైబిలు వాక్యాలు రాసిన అట్టలకు పటం కట్టించుకోవడానికి నా అంగడికి వస్తుంటారు. రైలెక్కి పోయి, ఆయన గుమ్మంలో నిలబడి అడిగేశాను.

"అయ్యగారూ, మీ గ్రంథంలో దేవదూతకు జుట్టున్నట్టు ఎక్కడన్నా రాసి ఉండాదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నలభై ఏండ్లు బోధ చేసినాను నాయుడూ. ఈ మాట ఒక్కరు కూడా అడగలా. లోపలికి దా!"

ఇంక మొదలుపెట్టారు. భోజనం వేళ దాటింది, వాళ్లావిడ రెండుసార్లు వచ్చి చూసిపోయింది, ఆయన ఆపలేదు. ఏం చెప్పారో గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాను.

ఒక ప్రవక్తకు కనపడినవాళ్లకు తలా ఆరు రెక్కలట. రెండింటితో మొహం కప్పుకుంటారు, రెండింటితో కాళ్లు కప్పుకుంటారు, మిగిలిన రెండింటితో ఎగురుతారు. ఇంకో ప్రవక్తకు కనపడినవాళ్లకు నాలుగేసి మొహాలు. మనిషిది, సింహానిది, ఎద్దుది, గద్దది! వాళ్ల పక్కన చక్రాలు, ఆ చక్రాల అంచుల నిండా కళ్లు!

"మా బ్రహ్మగారికి కూడా నాలుగు తలలే" అన్నాను.

"ఎద్దు తల ఉండాదా?"

"లేదు."

"మరి!" అని గర్వంగా చూశారు.

చాలామంది దేవదూతలకు రెక్కలున్నట్టే రాసి లేదట! మామూలు మనుషుల్లా వస్తారట. ఎండలో గుడారం ముందు కూర్చున్న ఒక ముసలాయన దగ్గరికి ముగ్గురు అట్లాగే వచ్చి, చెట్టు కింద కూర్చుని, పెట్టింది తిని, పాలు, పెరుగు పుచ్చుకుని, "మీ ముసలావిడకు బిడ్డ పుడతాడు" అని చెప్పిపోయారట. మా కోకిల పుట్టే ముందు కూడా ఎవరో ముగ్గురు మజ్జిగ తాగి పోయినట్టు గుర్తు. పంకజం వాళ్లు కరెంటు కంపెనీ వాళ్లంటుంది.

"ఆడదేవదూతలు?"

"ఎక్కడా లేరు. వచ్చినోళ్లంతా మగ రూపమే. ఆడపిల్లలకు రెక్కలు కట్టింది బొమ్మలేసేవాళ్లు, సినిమా వాళ్లు."

"వీణ?"

"బూర ఉండాది."

"మరి జుట్టు?"

"ఉండాదనీ లేదు, లేదనీ లేదు. కానీ ఒకటి విను నాయుడూ. దేవదూతను చూసినోళ్లు దాదాపు అందరూ భయపడినారు. కాళ్లు వణికి కింద పడినోళ్లున్నారు. ఏసు సమాధికి కాపలా ఉన్న సిపాయిలైతే చచ్చినోళ్ల మాదిరి అయిపోయినారు. అందుకే వాళ్లు వస్తానే 'భయపడకుడి' అంటారు. రింగుల జుట్టేసుకుని, బుగ్గలు చూపించుకుంటా వస్తే ఎవరన్నా భయపడతారా? ముద్దు పెట్టుకుంటారు!"

నేను ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోయాను. ఒప్పుకోలేదు. మంగళవారం తానే వచ్చి టీచరుతో మాట్లాడతానన్నారు.

డిసెంబరు 6, సోమవారం

అంగడి తెరవలేదు. ఆరు రెక్కలు చేశాను!

పటాల వెనక బిగించే అట్టలు, కొయ్యబద్దలు, అంచులకు బంగారు రంగు కాగితం. ప్రతి రెక్క మీద కళ్లు వేశాను. కొన్ని మెల్లకళ్లు వచ్చాయి గాని దూరానికి తెలియదు. కోకిలకు కట్టి చూస్తే నడవలో ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు.

"ఏందిది, పందిరిగుంజ మాదిరి!" అనింది పంకజం. "ఇదేం దేవదూతండీ, దిష్టిబొమ్మ కూడా ఇంతకంటే లక్షణంగా ఉంటాది!"

"గ్రంథంలో ఉంది. నీకు తెలియదు. రెండు మొహానికి, రెండు కాళ్లకు..."

అప్పుడు అట్టల వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"నాయనా, రెండు రెక్కలు మొగానికి అడ్డం పెట్టుకుంటే నా మాట ఎవురికి వినపడతాది?"

పంకజం నన్ను చూసింది. నేను పంకజాన్ని చూశాను. వారం తర్వాత మా ఇంట్లో మాట వినపడింది!

రెక్కలు విప్పేశాను. విప్పలేదు, విరగ్గొట్టి బయటికి తీశాను. పోతే పోనీ! మా కోకిల మాట్లాడింది!

డిసెంబరు 7, మంగళవారం

దేవసహాయం గారు వచ్చారు. ఇద్దరం బడికి పోయాం. ఆయన గ్రంథం తెరిచి ఒక్కొక్కటే చదివారు. జ్ఞానమ్మ టీచరు ఓపిగ్గా విన్నది.

"మీరు చెప్పిందంతా నిజమే ఉపదేశి గారూ. నేను కూడా చదివినదాన్నే. కానీ మా హాలుకు వచ్చే తల్లులు చూసింది క్యాలెండరు. క్యాలెండరులో ఉన్నట్టు లేకపోతే ఎవరొచ్చారని అడుగుతారు."

"క్యాలెండరు ముందా, వాక్యం ముందా అమ్మా?"

"గోడ మీద ముందు కనపడేది క్యాలెండరే కదండీ!"

దేవసహాయం గారు గ్రంథం మూసి చంకలో పెట్టుకున్నారు. నేను బతికేదే ఆ గోడల మీద.

అయితే చూడామణికి మాటలు ఇప్పటికీ రావడం లేదట. ఒకరికి జుట్టుంది, ఒకరికి మాటలున్నాయి. టీచరు తల పట్టుకుని కాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"సినిమాలో మాదిరి చేద్దాం! ముందర చూడామణి పెదవులాడిస్తుంది. తెర వెనక నుంచి కోకిల చెబుతుంది."

ప్లేబ్యాకు! మా కోకిల ప్లేబ్యాకు దేవదూత! కోడంబాక్కంలో ఎంత గొప్ప తారలకైనా గొంతు ఇచ్చేది వెనకున్నవాళ్లే గదా. చాలా సంతోషం. చూడామణికి రెండు రెక్కలు చేసిపెట్టమని కూడా నాకే చెప్పింది. చాలా చాలా సంతోషం.

డిసెంబరు 8

సంతోషమే.

"నలుగురిలో నోరు తెరవాలని మొక్కుకున్నారా, తెర ఎనక నోరు తెరవాలనా?" అనింది పంకజం, చారు పోస్తూ.

ఉప్పు సరిగ్గానే వేసింది. అయినా దిగలేదు.

డిసెంబరు 11, శనివారం

చూడామణి రెక్కలు పూర్తయ్యాయి. చెయ్యగూడదనుకుంటూనే బాగా చేశాను. వెండి కాగితం ఈకలు, గాలికి అల్లాడేటట్టు సన్నటి తీగలు. కోకిల పక్కన కూర్చుని జిగురు రాసింది. "చూడాకు బాగుంటాయి నాయనా" అన్నది. ఈ పిల్లకు ఈర్ష్య అనేది తెలియదు. వాళ్లమ్మ పోలిక కాదు. పంకజం ఈ డైరీ చదవదు గదా.

డిసెంబరు 18, శనివారం

కూర్చోలేకపోతున్నాను. నిలబడే రాస్తున్నాను.

సాయంత్రం హాలు నిండిపోయింది. పంకజం కల్యాణానికి కట్టుకున్న పట్టుచీర కట్టింది. "తెర వెనకున్న బిడ్డ కోసం ఇంత చీరెందుకు?" అన్నాను. "తెరకు చెవుల్లేవా?" అనింది. అర్థం కాలేదు గాని బాగుంది. దేవసహాయం గారు కూడా వచ్చి మా పక్కన కూర్చున్నారు.

తెర లేచింది. తలగుడ్డలు చుట్టుకున్న చిన్నపిల్లలు ఎర్రకాగితం మంట చుట్టూ కూర్చున్నారు. గొర్రె దొరకక ఒక మేకను కట్టేశారు. అప్పుడు చూడామణి వచ్చింది. హాలంతా "ఆహా!" అన్నారు. ఆ జుట్టు, ఆ తెల్లగౌను, నా రెక్కలు! లైటుకు తళతళమంటూ, ఎంత చక్కగా అల్లాడుతున్నాయో! ఇంత బాగా చేశానా అని మురిసిపోయాను.

తర్వాత అర్థమయింది. ఊగుతున్నవి తీగలు కాదు, ఆ పిల్ల వణుకుతోంది.

చూడామణి చెయ్యెత్తితే తెర వెనక కోకిల మొదలుపెట్టాలి. చెయ్యి లేవలేదు. జనాన్ని చూసి ఆ పిల్ల కొయ్యబారిపోయింది. పెదవులు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాయి. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. పక్క నుంచి జ్ఞానమ్మ టీచరు చెయ్యెత్తమని చెయ్యెత్తి చూపిస్తోంది. ఇంకెవరో పగలబడి నవ్వారు. పంకజం నా మోచెయ్యి పట్టుకున్న చోట ఇప్పటికీ గోళ్ల గుర్తులున్నాయి.

వెనక తెర కదిలింది.

కోకిల బయటికి వచ్చింది! బడికి వేసుకుపోయే పావడ, పైన తెల్ల తుండుగుడ్డ, గుండు! రెక్కా లేదు, పౌడరూ లేదు. దీపాల కింద ఆ గుండు ఎంత మెరిసిందంటే, గొర్రెల కాపరుల్లో అందరికంటే చిన్నవాడు "అమ్మో!" అని పెద్ద కేక పెట్టి మేక వెనక్కు పోయాడు. మేక తాడు తెంపుకుని వేదిక దిగి ముందు వరుసలోకి దూకింది. పెద్దవాళ్లంతా కుర్చీలు ఎక్కారు.

కోకిల మా వైపు చూడలేదు. మేకనూ చూడలేదు. నేరుగా చూడామణి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది.

"భయపడొద్దు చూడా. నేనుండా కదా."

చివరి వరుస దాకా వినపడింది! అంత గొడవలోనూ! హాలు సద్దుమణిగింది. అప్పుడు కాపరుల వైపు తిరిగి, "భయపడకుడి" అని మొదలుపెట్టింది. మహా సంతోషకరమైన వర్తమానం తెచ్చానన్నది. శిశువు పుట్టాడన్నది, పశువుల తొట్టిలో పండుకొని ఉన్నాడన్నది. గొంతు తడబడలేదు. చూడామణి చెయ్యి వదల్లేదు. చివర్లో ఆ పిల్ల కూడా గొంతు కలిపింది. కాపరి పిల్లవాడు మెల్లిగా తల బయటపెట్టి చూశాడు.

దేవసహాయం గారు లేచి నిలబడి నా భుజం కుదిపేస్తున్నారు. "భయపడినాడు చూడు నాయుడూ! ఆ పిల్లోడు నిజంగా భయపడినాడు!" కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. పంకజం పట్టుకొంగు మొత్తం తడిసిపోయింది. నా సంగతి రాయను.

జ్ఞానమ్మ టీచరు తిడుతుందేమోనని దూరంగా నిలబడ్డాను. తానే వచ్చింది. "నాయుడు గారూ, ఆ మేకను పట్టుకున్నాక మీతో మాట్లాడతాను" అని కోకిల గుండు మీద చెయ్యేసి, చాలాసేపు తియ్యలేదు.

ఇంటికి వస్తూ అడిగాను. "ఎట్లా వచ్చావమ్మా బయటికి? నీకు భయం కాలేదా?"

"అయింది నాయనా. అయితే చూడాకు నోరు పెగల్లేదు. నోరు పెగలకపోతే లోపల ఎట్లుంటాదో నాకు తెలుసు కదా."



డిసెంబరు 19, ఆదివారం

పొద్దున వాకిట్లో పెద్ద రగడకు మెలకువ వచ్చింది. పాలు పోసే మునెమ్మతో ఎవరో కొట్లాడుతున్నారు. లేచి చూద్దును గదా, గడప అవతల, వీధిలో, నడుం మీద చెయ్యేసుకుని కోకిల!

"ఇది పాలా? గుడ్డలుతికిన నీళ్లు కూడా ఇంతకంటే తెల్లగా ఉంటాయి! నిన్న పోసింది కూడా ఇంతే, మొన్న పోసింది కూడా ఇంతే!"

మునెమ్మ చెంబు దించి నోరు తెరిచింది. "ఎవురే నువ్వు? ఈ ఇంట్లో ఉండేది మాట రాని బిడ్డ కదా!"

"నేనే ఆ బిడ్డను! పోసింది వెనక్కి తీసుకో, మంచివి పొయ్యి!"

ఎదురింటి వాళ్లు కిటికీలు తెరిచారు. పక్కింటామె పిడకలు చేసే చేత్తోనే వచ్చి నిలబడింది. మునెమ్మ నన్ను చూసి, "ఏం నాయుడు గారూ, చెప్పండి మీ బిడ్డకు!" అనింది.

పాలు ఎప్పుడూ పల్చగానే ఉంటాయి. ఇన్నేళ్లుగా నాకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

పంకజం లోపలి నుంచి, "పిల్లను లోపలికి పిలవండి, వీధిలో ఏందా అరుపులు" అనింది.

పిలవలేదు. గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని వింటూ కూర్చున్నాను.